ముందు సీట్లో అమ్మవారు

మా ఊరి ఎండ సంగతి తెలియనివాళ్ళకు ఏం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది. మా చెరువులో కొంగ ఒంటికాలి మీద నిలబడేది చేప కోసం కాదు, రెండో కాలు కింద పెడితే కాలుతుందని. అసలు చెరువులో నీళ్ళుంటే గదా చేపలుండేది! ఇది నేను నా కళ్ళతో చూశాను. నా భార్య అంజనమ్మను అడిగితే చూడలేదంటుంది. నలభై ఏళ్ళ కాపురంలో నేను చూసినవేవీ ఆమె చూడలేదు.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఆమె కూడా సాక్షి. ఆమెతో పాటు మా పెద్దక్క, నా చిన్ననాటి స్నేహితుడు ప్రేమయ్య కొడుకు క్రాంతి కుమార్, వాడి తెల్ల కారు, ఆ కారు ముందు సీట్లో కూర్చున్న చౌడేశ్వరమ్మ. ఇంతమంది ఉన్నాం కాబట్టి ఈసారి నేను కొంగల జోలికి పోను.

మాది ఒంటిమిట్టకు దగ్గరలో నేతగాళ్ళ ఊరు. పెద్దక్క నా కంటే ఆరేళ్ళు పెద్దది. ఊరంతటికీ ఆమె పెద్దక్కే, అసలు పేరు ఆమెకే గుర్తులేదు. పోయిన వానాకాలం ఆమె మనవరాలు మధులతకు విషజ్వరం వచ్చింది. కడప ఆసుపత్రిలో పిల్ల కళ్ళు తెరవకుండా పడి ఉంటే, పెద్దక్క బయట వరండాలో కొంగు పరిచి మొక్కుకుంది: "నా బిడ్డ లేచి తిరిగితే, నిన్ను నందవరం తీసుకపోయి నీ పెద్దగుడిలో కూర్చోబెడతా తల్లీ."

పిల్ల లేచింది. లేవడమే కాదు, ఇప్పుడు సెలవులకు ఇంటికొస్తే అందరి వాటా దోసెలూ తనే తింటోంది. ఇక మొక్కు తీర్చడమే మిగిలింది.

అమ్మవారిని నందవరం తీసుకుపోవడమంటే మా ఇళ్ళల్లో ఆషామాషీ కాదు. ఇత్తడి బిందెలో ఇంటి నీళ్ళు నింపి, పసుపు కలిపి, వేపమండలు పెట్టి, బిందె మెడకు అమ్మ ఇత్తడి ముఖం తగిలిస్తాం. మగ్గం మీద ప్రత్యేకంగా నేసిన చిన్న చీర బిందెకు చుడతాం. అప్పటినుంచి అది బిందె కాదు, అమ్మ. నందవరం గుడిలో దించేదాకా ఆమె నేలను తాకకూడదు. లోపలి నీళ్ళు ఒక్క చుక్క ఒలకకూడదు. ఒలికిందా, మొక్కు చెల్లదు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఆమెకంటే ముందు ఎవరూ కూర్చోకూడదు, మొక్కుకున్న మనిషి ఆమె వెనకే రావాలి. ఒళ్ళో పెట్టుకోవడం లేదు, ఆమె పీట ఆమెదే.

ఇంకొకటుంది. అమ్మను కట్టకూడదు. మా ముత్తాత కాలంలో ఎవడో తెలివిగలవాడు, బండి కుదుపులకు పడిపోతుందని, బిందెను మోకుతో బండికి బిగించి కట్టాడట. ఆ ఏడాదంతా ఊళ్ళో ఏ మగ్గం మీదా పోగు సాఫీగా నడవలేదట. పోగు పోగుకూ ముడి పడేదట. ముళ్ళు విప్పలేక మా ముత్తాత గడ్డం గోళ్ళతో పీక్కున్నాడు, అందుకే మా వంశంలో ఎవరికీ గడ్డం సరిగా రాదు. నా గడ్డం చూసినవాళ్ళెవరూ ఈ కథను కాదనరు.

పూర్వం ఎడ్లబండి మీద పోయేవాళ్ళు. తర్వాత ట్రాక్టరు. పెద్దక్కకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ ఆమె మాట వినడం మానేశాయి, ట్రాక్టరు ఎక్కలేదు. అందుకే క్రాంతి కుమార్ కారు మాట్లాడాం.

"మీ దేవునికి ఏం అడ్డం లేదు గదా నాయనా?" అని పెద్దక్క ముందే అడిగింది. కారు అద్దానికి చిన్న కొయ్య శిలువ వేలాడుతూ ఉంటుంది.

"మా దేవుడు ముందే ఎక్కి అద్దం కాడ కూర్చున్యాడత్తా. సీటు ఖాళీగానే ఉండాది" అన్నాడు వాడు.

"వచ్చే ఏటికి నేనుంటానో లేదో నాకి తెలీదు. ఈ ఒక్కసారి నీళ్ళు తొణక్కుండా చేర్చు నాయనా. అంతే నేనడిగేది."

"చేరుస్తానత్తా."

చేర్చడం వాడి చేతిలో ఉందనుకున్నాం.

తెల్లవారుతుండగా బయలుదేరాం. ముందు సీటులో బియ్యం మూట పరిచి, దాని మీద చుట్టకుదురు పెట్టి, పెద్దక్క తన చేతులతో అమ్మను కూర్చోబెట్టింది. వెనక సీటులో ఆమె, అంజనమ్మ, కిటికీ పక్కన నేను. వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హారతి వెలిగించారు. క్రాంతి కుమార్ తాళం తిప్పాడు.

టింగ్... టింగ్... టింగ్...

హారతి పళ్ళెం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. వీధి మొత్తం ఊపిరి బిగపట్టింది.

"అమ్మ పలికింది!" అని ఎవరో కేక వేశారు.

ఇక చూడండి. చేతులన్నీ జోడించుకున్నాయి. పెద్దక్క కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. క్రాంతి కుమార్ వెనక్కి తిరిగి నా వైపు వంగాడు.

"పెద్దనాయనా, అది అమ్మ కాదు. బెల్టు..."

"గమ్మునుండ్రా" అని నేను వాడి భుజం గిల్లాను. "ఇంతమంది ఆడోళ్ళ మధ్యన నిజం చెప్పి బతికినోడు మన తాలూకాలో లేడు. పోనీ బండి."

వాడు పోనిచ్చాడు. బండి వేగం అందుకోగానే ఆ టింగులు కూడా వేగం అందుకున్నాయి. టింగ్‌టింగ్‌టింగ్‌టింగ్!

"సూస్తివా గోపన్నా!" అంది పెద్దక్క నా మోకాలు పట్టుకుని. "అమ్మకు బిరీన పోవల్లని ఉండాది. ఎంత ఆత్రమో సూడు."

"ఉండదా అక్కా మరి. పుట్టింటికి పోతాండాది గదా. మన తాత కాలంలో అయితే ఎద్దుల మెడ గంటలు వాటంతటవే మోగేవంట. కుందేరు వరదలో బండి తేలిపోయినా బిందెలో నీళ్ళు తొణకలేదంట. తాత మీసం మాత్రం తడిసిందంట."

"తాత మీసం సంగతి నాకెందుకు, నువ్వు ఊరకుండు" అని పెద్దక్క ఆ టింగులకు తాళం వేస్తూ అమ్మ పాట అందుకుంది.

అది కాసేపు మోగి అలిసి ఆగేది. ఆగగానే పెద్దక్క దండం పెట్టేది. గతుకో, గేదో అడ్డమొచ్చి బండి ఆగి కదిలిందంటే, మళ్ళీ మొదలు. కడప దాటేసరికి పెద్దక్క గొంతు బొంగురుపోయింది. అంజనమ్మ రెండు కణతలూ నొక్కుకుంటోంది.

"వదినా, అమ్మ పలికితే ఒకసారి పలకల్ల. ఇట్ల ఇంట్లో అత్త మాదిరి పొద్దున్నుంచి పోరు పెడతాదా?"

"నోరు మూసుకో మే. అమ్మను అత్తతో పోలుస్తావా?"

"అత్తను గదా అనింది, అమ్మను యాడంటి?"

"మీ అత్త ఎవురనుకుంటాండావు? నన్ను కన్నతల్లి!"

ఇటువంటి మాటలు మైదుకూరు దాకా సరిపోయాయి.

మైదుకూరులో టీ కోసం ఆగాం. పసుపు మార్కెట్టుకు వచ్చిన లారీలు వరుసగా నిలిచి, రోడ్డంతా పసుపు వాసన. పెద్దక్క ఉపవాసం, టీ కూడా తాగదు. ముఖం కడుక్కుంటానంది. ఆమెను హోటలు కుళాయి దగ్గరికి నడిపించబోతూ అంజనమ్మ నా చెవిలో ఒక్కటే మాట చెప్పింది.

"నేను వచ్చేలోపల ఆ గోల ఆగల్ల. ఆగలేదా, నందవరంలో నేను నీ మీద మొక్కుకుంటా."

ఏమని మొక్కుకుంటుందో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఏంరా క్రాంతీ, దీని నోరు మూసే ఉపాయం ఏమన్నా ఉండాదా?"

"ఉండేది పెద్దనాయనా. కడపలో కారు సామాన్ల అంగట్లో ఉత్త క్లిప్పు దొరుకుతాది. బెల్టు లేకుండా దాని నాలుక ఒకటే. అది గుచ్చితే, బెల్టు పెట్టుకున్నారని బండి నమ్ముతాది. నా కాడ రెండుండేవి. మా ఇంటామె రెజీనా బాయిలో పారేసింది." రెజీనా ఆసుపత్రిలో నర్సు. రోడ్డు మీద తలలు పగిలి వచ్చినవాళ్ళకు కట్లు కట్టి కట్టి ఆమెకు విసుగు పుట్టింది. "ఇంకొకసారి ఈ అబద్ధపు నాలుక కార్లో కనిపిస్తే, నీ నాలుక కోస్తాననింది."

"పోనీలే, నా నాలుక ఒకటి చాలు ఈ కారుకు. వేరే దారేం లేదా?"

వాడు తల గోక్కున్నాడు. ఆ టింగుల కిటుకు నాకు అప్పుడు విడమరిచి చెప్పాడు. సీటు కింద బరువును పసిగట్టే వస్తువేదో ఉంటుందట. బిందె, నీళ్ళు, బియ్యం మూట అన్నీ కలిసి ఒక చిన్న మనిషంత బరువు. ఎవరో మనిషి కూర్చున్నాడు, బెల్టు పెట్టుకోలేదు అని బండి అరుస్తోందట.

"అమ్మ ముందు నుంచి బెల్టు పోకూడదు, కట్టినట్లయితాది" అన్నాను. "వెనక నుంచి లాగి గుచ్చితే?"

వాడు బెల్టు లాగాడు. బిందెకూ సీటు వీపుకూ మధ్య నుంచి పోనిచ్చి గాడిలో గుచ్చాడు. టక్. అంతే! బండి నోరు మూసుకుంది. అమ్మకు బెల్టు తగలలేదు. కట్టనూ లేదు. స్టీరింగు ముందు వెలుగుతున్న ఎర్ర దీపం కూడా ఆరిపోయింది. అందరికీ న్యాయం చేసిన పంచాయతీ పెద్దల్లాగా ఇద్దరం టీ తాగాం.

మైదుకూరు దాటింది. దువ్వూరు వచ్చింది. కారులో చల్లని గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. అంజనమ్మ హాయిగా తల వెనక్కి వాల్చింది. నాకు కునుకు పడుతోంది.

"గోపన్నా" అంది పెద్దక్క మెల్లగా.

"ఊఁ."

"అమ్మ యాలరా పలకడం లేదు?"

"అలిసిపోయింటాదిలే అక్కా. ఎండ చూడు."

"అమ్మ అలుస్తాదా?" ఆమె ముందుకు వంగి బిందె వైపు చూసింది. "మైదుకూరులో ముఖం కడుక్కునేటప్పుడు నీళ్ళు నోట్లోకి పోయినాయేమో. ఒక గుక్క మింగినానేమో. ఉపవాసం చెడింటాది."

"ముఖం కడిగితే ఉపవాసం చెడుతుందా?"

"నిన్న చీర చుట్టేటప్పుడు ఎడం చెయ్యి ముందు తగిలింది. అదే అయింటాది." ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. "నా బిడ్డకేమన్నా అయితాదంటావా?"

నాకు కునుకు ఎగిరిపోయింది. నేను ఎవరినైనా ఏడిపించగలను గానీ ఆ ముసలి గొంతు అలా వణికితే వినలేను. అద్దంలో క్రాంతి కుమార్ కళ్ళు నా కళ్ళ కోసం వెతుకుతున్నాయి. నేను కిటికీలోంచి శెనగచేలు చూశాను. కోసేసిన చేలు, చూడడానికి ఏమీ లేదు. అయినా చూశాను.

చాగలమర్రి ఇవతల జరిగిందది. తుమ్మచెట్ల చాటు నుంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి పారింది. ముందు ఒక మేకపోతు, దాని వెనక ఊరంత మంద. క్రాంతి కుమార్ బ్రేకు మీద నిలబడ్డాడు.

మేం ముగ్గురం ముందు సీట్ల మీద పడ్డాం. బియ్యం మూట జారింది. బిందె, అమ్మ ముఖంతో సహా, ముందుకు వంగింది. పెద్దక్క నోట్లోంచి వచ్చింది కేక కాదు, ఊపిరి మాత్రమే.

క్రాంతి కుమార్ ఎడమ చెయ్యి ఎప్పుడు కదిలిందో తెలియదు. బిందె మెడ వాడి అరచేతిలో ఉంది. లోపల నీళ్ళు ఊగాయి. అంచు దాకా వచ్చాయి, వేపమండలను పైకి లేపాయి, మళ్ళీ లోపలికి పోయాయి. రెండు వేపాకులు మాత్రం సీటు మీద రాలాయి. తడి లేదు.

గొర్రెలు మా వైపు చూసుకుంటూ, ఏమీ జరగనట్టు దాటిపోయాయి. బండి పక్కకు తీశాడు. వాడు ఇంకా బిందెను పట్టుకునే ఉన్నాడు. చెయ్యి తీయవచ్చో లేదో వాడికి తెలియలేదు.

"తగిలినా అత్తా" అన్నాడు. "ఏమనుకోవద్దు. తగలకూడదేమో."

"తగలకపోతే నా మొక్కు ఆ మేకపోతు పాలయ్యేది గదప్పా" అంది పెద్దక్క. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పట్టుకున్న చెయ్యేదో అమ్మకు తెలుసులే. నువ్వు మెల్లగా వదులు."

బియ్యం మూట సర్ది వాడు మెల్లగా వదిలాడు. అప్పుడిక నిజం కూడా వదిలేశాడు. టింగులు, సీటు, బరువు, బెల్టు, మైదుకూరులో వెనక నుంచి పోనిచ్చిన ఉపాయం, అన్నీ చెప్పాడు. నా పేరు మాత్రం చెప్పలేదు. మంచి పిల్లోడు. కానీ పెద్దక్క వింటున్నంతసేపూ నన్నే చూసింది.

"అయితే అది అమ్మ గొంతు కాదా?"

"కాదత్తా. బండిది. ఈ సీట్లో ఎవురో ఉండారు, వాళ్ళకు బెల్టు లేదు, అని చెప్తాది."

"ఎవురో ఉండారని బండికి తెలిసింది గదా?"

"తెలిసింది."

"ఈ గోపన్నకు అది బిందె. నీకు బరువు. దానికి మాత్రం మనిషి ఉండాదని తెలిసింది." ఆమె చూపు బిందె మీదికి పోయింది. "పలికింది అమ్మ కాకపోతే మాన్యా. పలికింది అమ్మ గురించే గదా. పొద్దున్నుంచి ఆ తల్లిని పట్టించుకోండి, పట్టించుకోండి అని అది మొత్తుకుంటాంటే, నేను పాట పాడినా, మీరు దాని నోరు నొక్కినారు. తియ్యి ఆ బెల్టు."

క్రాంతి కుమార్ వెనక నుంచి పోనిచ్చిన బెల్టు తీశాడు. బండి తాళం తిప్పి ఉంది కాబట్టి వెంటనే మొదలు. టింగ్... టింగ్... టింగ్... ఈసారి ఎవరూ దండం పెట్టలేదు, కణతలు నొక్కుకోలేదు. నలుగురం దాన్ని విన్నాం.

"ఇప్పుడేం చేస్తాం వదినా?" అంది అంజనమ్మ. "కట్టకపోతే గొర్రెలు. కడితే మోకు. ముత్తాత గడ్డం గుర్తుండాది గదా."

"తిరిగి పోదామా అక్కా?" అన్నాను. "మెల్లగా ఇంటికి తీసుకపోయి..."

"వచ్చే ఏడు నా బదులు నువ్వు ముసలోనివై తీసుకొస్తావా?"

ఇప్పుడే ముసలోణ్ణి, అని అనబోయి మానుకున్నాను.

ఆమె ముందు తలుపు తీయించింది. మోకాళ్ళు పట్టుకుని దిగి, అమ్మ ఎదుట నిలబడింది. వేలాడుతున్న బెల్టును చేతిలోకి తీసుకుంది. తాడును పట్టుకున్నట్టు పట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాస్తూ పోయింది. అంగడిలో చీర అంచును అట్లాగే రాస్తుంది. అంజనమ్మ కూడా దిగి ఇంకో కొస పట్టుకుంది. ఇద్దరికీ ఏం తోచిందో, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంజనమ్మా, ఇది తాడా?"

"తాడు యాడిది వదినా. నేత."

"అంచు గూడా ఉండాది సూడు. రెండు దిక్కులా." పెద్దక్క దాన్ని మడిచి చూసింది, లాగి చూసింది. "పేనినది కాదు. పడుగు పేక పెట్టి నేసిందే. వెడల్పు తక్కువ, అంతే. మోకుతో కడతారు. గుడ్డతో ఎవురన్నా కడతారా? గుడ్డ కప్పుతారు."

"సీటు బెల్టును కప్పుతారా అక్కా?" అన్నాను నేను ఉండబట్టలేక.

"నువ్వు మాట్లాడద్దు." ఆమె బిందెను, దాని చుట్టూ ఉన్న చిన్న చీరను, పైన వంపుగా దిగుతున్న బెల్టును మార్చి మార్చి చూసింది. "ఇన్నేండ్లు అమ్మకు చీర చుట్టినాం. పైట యాడేసినాం? బిందెకు భుజం లేదని వదిలేసినాం. పైట లేకుండానే ఊర్లు తిప్పినాం ఆ తల్లిని. ఇది సూడు, యాడి నుంచి దిగుతాందో. భుజం కాడి నుంచి. ఏటవాలుగా. ఇది పైట గాక ఏంది?"

అంజనమ్మ చెంపలు వేసుకుంది. "కింద నడుము మీద అడ్డంగా పోయేది వడ్డాణం వదినా."

"అదీ."

ఇక ఆలస్యం లేదు. అంజనమ్మ పసుపు డబ్బా తీసింది. పెద్దక్క బెల్టు పొడవునా తడి పసుపు రాసింది, మధ్యమధ్య కుంకుమ బొట్లు పెట్టింది. కొత్త చీరకు చేసినట్టే చేసింది. క్రాంతి కుమార్ మాత్రం తన సీటు కవరు వైపు బెంగగా చూశాడు.

"అమ్మా, ఇది మోకు కాదు తల్లీ, నేత" అని ఆమె బిందెకు చెప్పింది. "ఎవురు నేసినారో, యాడ నేసినారో నాకి తెలీదు. మనోళ్ళే అనుకో. యేసుకో."

పైనుంచి దించి, అమ్మ ముఖం కింద నుంచి, చిన్న చీర మీదుగా ఏటవాలుగా వేసింది. నడుము భాగం బిందె పొట్టకు అడ్డంగా సర్దింది. ఎక్కడ గుచ్చాలో క్రాంతి కుమార్ వేలితో చూపించాడు. ముట్టుకోలేదు. ఆమె రెండుసార్లు తప్పి, మూడోసారి గుచ్చింది.

టక్.

టింగులు ఆగిపోయాయి. పొద్దున్నుంచి ఏదో అడుగుతూ ఏడ్చిన చంటిపిల్ల, అది చేతికివ్వగానే ఊరుకున్నట్టు.

"ఇప్పుడు పలకకపోయినా నాకేం దిగుల్లేదు" అంది పెద్దక్క. "అడిగింది ఇచ్చినాం గదా."

ఆళ్ళగడ్డ దాటి కోవెలకుంట్ల దారి పట్టాం. ఆ దారిలో గుంతలు ఎంత లోతు అంటే, ఒకదాంట్లో పోయిన ఏడు పడ్డ సైకిలు ఇంకా కింద చేరలేదు. ప్రతి గుంతకూ నేను ముందుకు తొంగిచూశాను. బిందె కదలబోయేది, బెల్టు బిగిసి పట్టుకునేది, మళ్ళీ సడలేది. పైట మాత్రం జారలేదు. పెద్దక్క తొంగి కూడా చూడలేదు. కళ్ళు మూసుకుని, వెనక్కి ఆనుకుని, ఇంటి నుంచి బయలుదేరాక మొదటిసారి నిద్రపోయింది. అంజనమ్మ తన భుజం ఆమె తలకిచ్చింది.

మిట్టమధ్యాహ్నానికి నందవరం చేరాం. మధులత బనగానపల్లెలో చదువుకుంటోంది, బస్సెక్కి ముందే వచ్చి గుడి ముందు నిలబడి ఉంది. పెద్దక్క దిగి అమ్మ పైట తీయబోయింది. అది ఊడదు. లాగింది, బతిమాలింది. చివరికి మధులత ఎర్రమీట నొక్కగానే బెల్టు సర్రున జారి లోపలికి పోయింది.

"సూస్తివా, నీ చేత్తోనే తీయించుకునింది" అంది పెద్దక్క మనవరాలితో.

బిందె గుడిలో దించారు. పెద్దక్క వేపమండలు పక్కకు జరిపి లోపలికి చూసింది. నీళ్ళు పొద్దున నింపినంతే ఉన్నాయి. మధులతను దగ్గరికి లాక్కుని, ఆ నీళ్ళు దోసిట్లో తీసి పిల్ల తల మీద చల్లింది. పిల్ల జుట్టు తడిసిందని గొణిగింది. పెద్దక్క నవ్వింది.

గుడి బయట వేరే ఊళ్ళ నుంచి వచ్చిన నేతవాళ్ళు మా కారు చుట్టూ చేరారు. బెల్టుకు పసుపు కుంకుమలు చూసి ఏందప్పా ఇది అని అడిగారు. పెద్దక్క వినడం లేదు గదా అని కొంచెం పెంచి చెప్పాను. గొర్రెల మంద కాస్తా అడవి ఏనుగుల మంద అయింది. పైట మాటకు మాత్రం నేనేమీ కలపలేదు. దానికి కలపాల్సింది ఏముంది? వాళ్ళల్లో ఇద్దరు ముసలమ్మలు తమ జీపుల దగ్గరికి పోయి బెల్టులు రాస్తూ చూడడం నేను చూశాను. అంజనమ్మ కూడా చూసింది. అడగండి.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు ఖాళీ. అంతసేపూ వెనక మూలలో ముడుచుకుని వచ్చిన నేను దర్జాగా ముందు ఎక్కి కాళ్ళు చాపాను. కారు కదిలింది.

టింగ్... టింగ్... టింగ్...

"అమ్మ పలుకుతాంది" అన్నాను వెనక్కి తిరగకుండా.

"అమ్మే యేసుకునింది" అంది పెద్దక్క వెనక నుంచి. "నువ్వు ఆమెకంటే పెద్దోనివా? యేసుకోరా గమ్మున."

క్రాంతి కుమార్ ఎటో చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. నేను బెల్టు లాగి గుచ్చుకున్నాను. టక్. వెనక ఇంకో రెండు టక్‌లు వినిపించాయి. తిరిగి చూస్తే ఆడవాళ్ళిద్దరూ కూడా పెట్టుకుని, పైటలు సర్దుకుంటున్నారు.

ఇంటికి చేరి దిగేసరికి నా తెల్ల చొక్కా మీద భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా ఇంత వెడల్పు పసుపు చార, మధ్యమధ్య కుంకుమ బొట్లు. అది చూడడానికి వీధి ఆడవాళ్ళంతా మళ్ళీ చేరారు.

"పైట బాగుండాదయ్యా నీకి" అంది అంజనమ్మ.